గాజుపాత్రలో పిండోత్పత్తి: ఒక చరిత్ర, రెండు తీర్పులు



గ్రామమున తగవు పుట్టినపుడు రచ్చబండమీద కూర్చుండి ఇరుపక్షముల మాట విని తీర్పు చెప్పు పెద్దలు మీరు. పొలముగట్టు తగవైనను, కాలువనీటి తగవైనను, సాక్షి లేనిదే మీరు తీర్పు చెప్పరు. పత్రము చూపుమందురు; గొలుసు తెచ్చి గట్టు కొలువుమందురు. ఇంతటి జాగ్రత్త గల మన గ్రామములలోనే ఒక్క విషయమున మాత్రము విచారణ లేకయే తీర్పు చెప్పుట తరతరములుగా వాడుకలో నున్నది. పెండ్లియై నాలుగేండ్లు గడచి కడుపు పండనిచో ఆ యింటి కోడలిని గొడ్రాలని యందురు. ఆమెను సీమంతమునకు పిలువరు. ఉదయమున ఎదురు వచ్చినచో మొగము త్రిప్పుకొందురు. నోములు, మ్రొక్కులు, రావిచెట్టు ప్రదక్షిణములు అన్నియు ఆమె పాలికే వచ్చును. తుదకు కుమారునకు మఱియొక పెండ్లి చేయుదమను మాటయు ఆమె చెవినిబడును. లోపమెవ్వరిదో పరీక్షింపుడని యడిగినవారు మాత్రము మిక్కిలి అరుదు.

నేడు నేను చెప్పబూనినది అట్టి దంపతులకు సంతానము కలిగించు ఒక చికిత్స యొక్క చరిత్ర. స్త్రీ యొక్క అండమును దేహమునుండి వెలికి తీసి, గాజుపాత్రలో పురుషబీజముతో కలిపి, పిండ మేర్పడిన పిమ్మట దానిని మరల గర్భాశయమున నుంచు విధాన మిది. పండితులు దీనిని కృత్రిమ ఫలదీకరణ మందురు. పత్రికలవారు టెస్ట్‌ట్యూబ్ బేబీ యని పేరు పెట్టిరి. నేడు పట్టణములలో ఐ.వి.ఎఫ్. అను పేరుతో ఇది అందఱికిని పరిచితము. దీని చరిత్రలో మన దేశమునకు చెందిన అధ్యాయ మొకటి కలదు. అందులో ఒక శాస్త్రజ్ఞుని కృషిపై పందొమ్మిదేండ్ల యెడముతో రెండు తీర్పులు చెప్పబడినవి. మొదటిది ఆయన ప్రాణముతో నుండగా వచ్చెను. రెండవది ఆయన గతించిన పదునాఱేండ్లకు వచ్చెను. ఆ రెంటిని తీర్పరులైన మీ యెదుట నుంచుటయే నా యుద్దేశము.

ఈ చికిత్స మాట వినగానే మీలో పలువురకు మహాభారతము జ్ఞప్తికి వచ్చును. గాంధారి గర్భమునుండి వెలువడిన మాంసపిండమును వ్యాసమహర్షి నూటయొక్క భాగములు చేయించి నేతికుండలలో నుంచె ననియు, వానినుండి కౌరవులు జన్మించి రనియు, ద్రోణాచార్యుడు ద్రోణమునుండి యుద్భవించె ననియు పురాణశ్రవణమున విన్నవారమే. మన పూర్వులకు ఈ విద్య తెలిసియుండునా యను ప్రశ్న సహజమైనది. నా సమాధాన మిది. సంతానమునకై మానవుడు పడు ఆవేదన ఎంత పురాతనమైనదో, గర్భము వెలుపల ప్రాణము పెరుగునను ఊహ యెంత పురాతనమైనదో ఆ కథలు చెప్పుచున్నవి. అది చిన్న విషయము కాదు. కాని చరిత్ర యడుగు ప్రశ్నలు వేఱు. ఎవరు చేసిరి? ఏ సంవత్సరమున చేసిరి? ఏ పరికరముతో చేసిరి? చూచినవా రెవరు? మఱియొకరు అదే రీతిని చేసినచో అదే ఫలము కలుగునా? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము గలదే చరిత్ర. కథను కథగా గౌరవింతము. చరిత్రకు మాత్రము సాక్ష్య మడుగుదము.

ప్రాణి యెట్లు పుట్టునను రహస్యము మానవజాతికి తెలిసి యెంతో కాలము కాలేదు. పురుషుడు విత్తనము చల్లువాడనియు, స్త్రీ కేవలము క్షేత్రమనియు పెక్కు దేశములలో నమ్మిరి. మొలక రానిచో చవిటినేల యని నేలను నిందించుట ఆ నమ్మకమునుండియే వచ్చినది. 1677లో హాలెండు దేశమున లీవెన్‌హుక్ అను బట్టలవర్తకుడు తాను స్వయముగా చేసికొన్న సూక్ష్మదర్శినితో పురుషబీజమున తోకలతో ఈదులాడు సూక్ష్మకణములను చూచెను. స్త్రీపక్షమున ఏమున్నదో తెలియుటకు ఇంకను నూటయేబది యేండ్లు పట్టెను. 1827లో ఫాన్ బేయర్ అను పండితుడు ఆడుకుక్క అండాశయమును పరీక్షించి, పాలిచ్చు జంతువుల దేహములో అండము కలదని నిరూపించెను. మానవస్త్రీ అండము ఒక మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే. కంటికి ఆనీ ఆనని ధూళికణము వంటిది. పిదప 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ అను జర్మనుదేశీయుడు సముద్రములో నుండు ముండ్ల ప్రాణియొకదాని అండములను పరిశీలించి, పురుషకణము యొక్క కేంద్రము అండకేంద్రముతో ఏకమగుటను వర్ణించెను. శిశువునకు సగము తండ్రి, సగము తల్లి ఇత్తురని దీనివలన తేటపడినది. స్త్రీ కేవలము క్షేత్రము కాదు. ఆమెయు విత్తన మిచ్చునదే. విత్తనము ఇరువురిది యైనపుడు లోపమును ఇరువురియందును వెదకవలసినదే గదా.

తరువాతి మెట్టు కుందేళ్లవలన దాటబడినది. 1890లో ఇంగ్లండున వాల్టర్ హీప్ అను శాస్త్రజ్ఞుడు అంగోరా జాతి కుందేలునుండి పిండములు రెంటిని తీసి వేఱొక జాతి కుందేలు గర్భమార్గమున నుంచెను. ఆ పెంపుడుతల్లి తన పిల్లలు నాల్గింటితోబాటు అంగోరా పిల్లలు రెంటిని ఈనెను. ఒక దేహమునుండి తీసిన పిండము మఱియొక దేహమున పెరుగగలదని అప్పుడు స్థిరపడెను. 1944లో అమెరికాలోని బోస్టను నగరమున జాన్ రాక్ అను వైద్యుడును, ఆయన సహాయకురాలు మిరియం మెన్కిన్ అను విదుషియు మానవ అండమును గాజుపాత్రలో పురుషబీజముతో ఫలింపజేసితి మని ప్రకటించిరి. అంతకుమించి వారు సాగలేదు. 1951లో చాంగ్, ఆస్టిన్ అను నిరువురు వేర్వేఱుగా మఱియొక రహస్యమును కనుగొనిరి. పురుషకణము స్త్రీదేహములో కొంతసేపు నిలిచి పక్వము కానిదే అండమును చొరజాలదు. ఈ కీలకము తెలియకనే అంతకుముందు పెక్కు ప్రయోగములు వ్యర్థమైనవి. 1959లో చాంగ్ గాజుపాత్రలో ఫలింపజేసిన అండములనుండి కుందేలుపిల్లలను పుట్టించెను. ఇట్లు ఒకరు వేసిన పునాదిరాతిపై మఱియొకరు రాయి నుంచుచు వచ్చిరి.

ఇపుడు మానవుల సంగతికి వత్తము. స్త్రీదేహమున అండాశయములు రెండు. వానినుండి గర్భాశయమునకు చేరు సన్నని నాళములు రెండు. నెలకొకసారి అండ మొకటి వెలువడి నాళమున ప్రవేశించును. పురుషకణము అక్కడనే దానిని కలిసికొనును. ఆ నాళములు వ్యాధిచేత మూసికొనిపోయినచో, స్త్రీ సంపూర్ణారోగ్యముతో నున్నను గర్భము నిలువదు. పంటకాలువ పూడిపోయినచో మడి యెంత సారవంతమైనను పైరు ఎండిపోవును గదా. పూడిక తీయుట సాధ్యము కానియెడల రైతు ఏమి చేయును? బిందెలతో నీరు మోసి మడికి పోయును. ఈ చికిత్స మొదట పుట్టినది అట్టి స్త్రీల కొఱకే. మూసికొన్న దారిని విడిచి, అండమును వైద్యుడే చేతితో వెలికి తెచ్చి, పిండమును చేతితోనే గర్భాశయమునకు చేర్చును. పేరు టెస్ట్‌ట్యూబ్ బేబీ యైనను శిశువు గాజునాళికలో పెరుగదు. పిండము పాత్రలో నుండునది కొలది దినములు మాత్రమే. తక్కిన తొమ్మిది నెలలును తల్లికడుపే దానికి ఇల్లు.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రాబర్ట్ ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ పనికి పూనుకొనెను. ఓల్డమ్ పట్టణపు వైద్యుడు పాట్రిక్ స్టెప్టో ఆయనకు తోడయ్యెను. బొడ్డు దగ్గఱ చిన్న రంధ్రము చేసి, వెలుతురు గల సన్నని దుర్భిణిని లోనికి పంపి అండాశయమును చూచుటలో స్టెప్టో నేర్పరి. మూడవ వ్యక్తి జీన్ పర్డీ అను యువతి. ఆమె నర్సుగా శిక్షణ పొంది, తరువాత ప్రయోగశాలలో పిండములను కాపాడు బాధ్యత వహించెను. 1969లో మానవ అండములు గాజుపాత్రలో ఫలించుటను వీరు నిర్ధారణగా ప్రకటించిరి. 1971లో అచటి ప్రభుత్వ వైద్యపరిశోధన మండలి వీరికి ధనసాహాయ్యము నిరాకరించెను. మతాచార్యులు కొందఱు ఆక్షేపించిరి. తోటి పండితులు కొందఱు వికృతశిశువులు పుట్టుదురని భయపెట్టిరి. ఐనను వీరు దాతల సాయమున పని సాగించిరి. 1969 మొదలు 1978 వఱకు 282 మంది స్త్రీలు తమ దేహములను వీరి చేతులలో నుంచిరి. పిండమును గర్భమున నుంచు యత్నము 112 మార్లు జరుగగా, గర్భము నిలిచినది ఐదుమార్లు. శిశువులు బ్రదికినది రెండుమార్లు. బిడ్డను పొందక శూన్యహస్తములతో ఇంటికి మఱలిన ఆ తల్లుల పేర్లు చరిత్రలో లేవు. వారి ఓర్పు లేనిచో ఈ విద్యయే లేదు.

1978 జూలై 25వ తేదీ రాత్రి 11 గంటల 47 నిమిషములకు ఓల్డమ్ ఆసుపత్రిలో లూయీ బ్రౌన్ అను ఆడుశిశువు జన్మించెను. బరువు 5 పౌనుల 12 ఔన్సులు. ఆమె తల్లికి నాళములు మూసికొనిపోయి, తొమ్మిదేండ్లు సంతానము లేకుండెను. ఆ పిండము పాత్రలో విభజనము చెందుటను మొదట చూచినది జీన్ పర్డీ. 2010లో నోబెల్ బహుమానము ఎడ్వర్డ్స్‌కు లభించెను. అప్పటికి పర్డీ గతించి యిరువదియైదేండ్లు, స్టెప్టో గతించి యిరువదిరెండేండ్లు. పర్డీ పేరు చాలకాలము మఱుగున బడియుండెను.

ఇంగ్లండులో లూయీ పుట్టిన డెబ్బది దినములకు, 1978 అక్టోబరు 3న, శరన్నవరాత్రుల వేళ, నాటి కలకత్తా నగరమున మఱియొక ఆడుశిశువు పుట్టెను. ఆమెకు దుర్గ యని పేరిడిరి. ఆమె పుట్టుకకు కారకుడు డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ. ఆయన 1931లో హజారీబాగున జన్మించి, కలకత్తాలో వైద్యము చదివి, శరీరధర్మశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, పిదప స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున రెండవ డాక్టరు పట్టమును గైకొని స్వదేశమునకు మఱలెను. ప్రభుత్వ వైద్య కళాశాలలలో అధ్యాపకుడుగా నుండెను. ఆయనకు తోడ్పడినవా రిరువురు: శీతలీకరణ విద్యయందు ప్రవీణుడైన సునీత్ ముఖర్జీ, స్త్రీవైద్యుడైన సరోజ్‌కాంతి భట్టాచార్య.

ఆంగ్లేయులు చేసిన పనినే సుభాష్ మరల చేసెనని తలపవలదు. ఆయన మార్గము వేఱు. ఓల్డమ్‌లో సహజముగా నెలకు వెలువడు ఒక్క అండమునే తీసిరి. సుభాష్ మందులచేత అండాశయమును ప్రేరేపించి, ఒకేసారి పలు అండములు పక్వమగునట్లు చేసెను. ఓల్డమ్‌లో ఉదరమున రంధ్రముచేసి తీసిరి. ఈయన యోనిమార్గమున చిన్న శస్త్రచికిత్సతో తీసెను. మూడవ భేదము మిక్కిలి గొప్పది. ఆయన పిండమును వెంటనే గర్భమున నుంచలేదు. మంచుగడ్డకట్టి కణములు చిట్లిపోకుండ కాపాడు ద్రావకమును చేర్చి, ద్రవరూపమైన నత్రజనిలో సున్నకు దిగువ 196 డిగ్రీల చలువలో దాచెను. 53 దినములైన పిదప కరగించి, తల్లి గర్భాశయము అనుకూలముగా నున్న మఱియొక మాసమున లోపల నుంచెను. కృషికులైన మీకు ఇందలి యుక్తి విప్పి చెప్పనక్కఱలేదు. విత్తనము చేతికి వచ్చిన దినముననే ఎవ్వడును చల్లడు. గాదెలో దాచి, వాన కురిసి పదును కుదిరిన పిమ్మట చల్లును. మందులవలన అండములు అధికముగా పండిన మాసమున గర్భాశయపు పొర పిండమును స్వీకరించుటకు ఒక్కొకప్పుడు తగియుండదు. కావున పిండమును దాచి పదునుకై వేచియుండుట మేలని ఆయన తలచెను.

ఇక మొదటి తీర్పు. ఈ వార్త పత్రికలకెక్కిన పిదప పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము ఒక విచారణసంఘమును నియమించెను. 1978 నవంబరు 18న సుభాష్ ఆ సంఘము నెదుట నిలిచెను. సంఘాధ్యక్షుడు రేడియో తరంగముల శాస్త్రమున పండితుడు. గాజుపాత్రలో మానవ అండమును ఫలింపజేసి అనుభవము గడించినవా డొక్కడును అందులో లేడు. ఆయన చెప్పినదానిని నమ్మరాదని సంఘము తేల్చెను. 1979లో జపానునుండి క్యోటో విశ్వవిద్యాలయమువారు తమ సభలో ప్రసంగింప ఆహ్వానింపగా, పోవుటకు ప్రభుత్వము సెలవీయలేదు. తరువాత ఆయనకు గుండెజబ్బు వచ్చెను. 1981 జూన్ నెలలో ఆయన విద్యతో సంబంధములేని నేత్రవైద్యసంస్థకు బదిలీచేసిరి. ఆ నెల 19వ తేదీన ఆయన తన ప్రాణము తానే తీసికొనెను. వయస్సు ఏబది సంవత్సరములు.

విచారణచేసిన వారి పక్షమున చెప్పదగిన మాటయు కలదు. తీర్పరులకు అదియు తెలియవలెను. సుభాష్ తన పనిని గూర్చి ముద్రించినది స్వల్పము. శీతలీకరణశాస్త్ర పత్రికయొకదానిలో 1978లో వెలువడిన చిన్న నివేదికయే ముఖ్యము. శిశువు తల్లిదండ్రులు లోకనిందకు వెఱచి తమ పేరు బయటపెట్టవల దనిరి. ఇట్టి స్థితిలో సందేహము కలుగుట తప్పు కాదు. సందేహమే శాస్త్రమునకు కావలివాడు. కాని సందేహించుట వేఱు. అబద్ధమని తీర్పు చెప్పుట వేఱు. సాక్ష్యము చాలనపుడు వాయిదావేయుట మీ రెఱుగనిది కాదు. మరల చేసి చూపుమని యడుగవచ్చును. చేయుటకు తగిన వసతి నీయవచ్చును. ఆ విద్య తెలిసిన విదేశపండితుల యొద్దకు పంపవచ్చును. వీనిలో ఒక్కటియు జరుగలేదు. పైగా పరీక్షకు నిలువ బోవుచున్నవానిని ఊరు దాటనీయలేదు. తనకు తెలియని విషయమున తెలియదని చెప్పలేని న్యాయాధికారి, లంచము గొన్న న్యాయాధికారికంటె ఒకప్పుడు ఎక్కువ కీడు చేయునని నాకు తోచుచున్నది. లంచగొండి తన పాపము తా నెఱుగును, వీడు ఎఱుగడు.

కాలము గడచెను. మెల్‌బోర్న్ నగరమున ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గడ్డకట్టించిన పిండమువలన గర్భము నిలిచిన దని 1983లో ప్రకటించిరి. 1984లో అట్టి శిశువు అచట జన్మించెను. లోకము దానినే మొదటిదిగా నెంచెను. 1986 ఆగస్టు 6న బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో హర్ష యను ఆడుశిశువు ఈ పద్ధతిచే జన్మించెను. భారతదేశమున తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు ఈమెయే యని దేశమంతట చాటబడెను. ఆ పని నెఱవేర్చినవారు వైద్యురాలు ఇందిరా హిందూజా, శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనందకుమార్. వారి పని లోపములేక వ్రాతమూలముగా నిరూపింపబడినది. ప్రథములన్న కీర్తి వారి శిరస్సున స్థిరముగా నిలిచెను.

ఇక రెండవ తీర్పు. 1997లో ఆనందకుమార్ ఒక శాస్త్రసభకై కలకత్తాకు వెళ్లెను. అక్కడ సుభాష్ చేవ్రాత పత్రములు ఆయనకు లభించెను. వానిని చదివెను. ఈ విద్యయొక్క ప్రతిమెట్టును స్వయముగా ఎక్కినవా డగుటచే, ఏ మాట అనుభవమునుండి వచ్చినదో, ఏ మాట కల్పనయో ఆయనకు తెలియును. చదివిన పిమ్మట, సుభాష్ చెప్పినది సత్యమనియు, భారతదేశమున తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువును ఇచ్చినవాడు ఆయనయే యనియు 1997లోనే బెంగుళూరు కరెంట్ సైన్స్ పత్రికలో వ్యాసము వ్రాసి ప్రకటించెను. దీని అర్థమేమి? ప్రథముడన్న బిరుదు అంతవఱకు తనది. దానిని తన చేతితో తీసి, ఆత్మరక్షణ చేసికొనుటకు లోకమున లేని వాని శిరస్సున నుంచెను. ఆయన నట్లు చేయుమని నిర్బంధించినవారు లేరు. ఊరకుండినచో అడుగువారును లేరు. తన పొలముగట్టు పొరుగువాని నేలలోనికి జరిగియున్నదని పాతపత్రము చూచి తెలిసికొని, తగవు రాకముందే తానే గట్టును వెనుకకు జరిపిన రైతువంటివా డాయన. చరిత్రలో ఇట్టివారు అరుదు.

రెండు తీర్పులకును తారతమ్యము గమనింపుడు. మొదటి తీర్పరులకు అధికారము కలదు, విద్య లేదు. రెండవ తీర్పరికి విద్య కలదు. అంతేగాక తనకు నష్టము కలిగించు సత్యమును పలుకు ధైర్యము కలదు. మొదటివారు మనిషిని చూచి తేల్చిరి. రెండవవాడు పత్రములు చదివి తేల్చెను. ఆ పత్రములు నిలిచియుండుటచేతనే న్యాయము, ఆలస్యముగా నైనను, సాధ్యమయ్యెను. చేసిన పనిని దినదినమును వ్రాసి భద్రపఱచువాడు తన కాలమునకే కాక రాబోవు కాలమునకును సాక్ష్యము చెప్పుచున్నాడు. దుర్గయు పెరిగి పెద్దదై, 2003లో తన యిరువదియైదవ పుట్టినరోజున, సుభాష్ స్మారకసభలో తానే ఆ శిశువునని లోకమునకు వెల్లడించెను. నాడు తల్లిదండ్రులు భయముచే దాచిన మాటను కుమార్తె గర్వముతో పలికెను. సుభాష్ అనుసరించిన మార్గము, అనగా మందులతో పలు అండములను పండించుట, యోనిమార్గమున తీయుట, పిండమును గడ్డకట్టించి దాచి అనుకూలమైన మాసమున నుంచుట, నేడు లోకమంతట వైద్యులకు నిత్యకృత్యమైనది. ఈ చికిత్సవలన ఇంతవఱకు పుట్టిన శిశువులు కోటికి మించిరి.

కలకత్తాలో జరిగిన యన్యాయమునకును మన వాకిట జరుగు అన్యాయమునకును పోలిక కలదు. అచట తెలియనివారు కూడి ఒక శాస్త్రజ్ఞుని అబద్ధికు డనిరి. ఇచట తెలియని మనము కూడి ఒక యింటి ఆడుపడుచును గొడ్రా లనుచున్నాము. విషయ మేమనగా, సంతానము లేకుండుటకు కారణము స్త్రీయందెంత తఱచో పురుషునియందును ఇంచుమించు అంత తఱచు. కొందఱు దంపతులలో ఇరువురియందును ఉండును. కొందఱియందు కారణమే తెలియదు. ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము, పెద్దవయస్కులలో ఆఱుగురికి ఒకరు జీవితమున నెప్పుడో ఒకప్పు డీ యిబ్బందిని ఎదుర్కొందురు. పురుషబీజమున కణములు మిక్కిలి తక్కువగా నున్నవారికై 1992లో బెల్జియము రాజధాని బ్రస్సెల్సున మఱియొక మార్గము కనుగొనిరి. ఒక్క పురుషకణమును సన్నని గాజుసూదితో అండములోనికి నేరుగా ప్రవేశపెట్టుదురు. నేడు ఇదియు సర్వసాధారణమైనది. పురుషబీజమును పరీక్షించుట స్త్రీని పరీక్షించుటకంటె ఎంతో సులభము. నొప్పి లేదు, ఖర్చు స్వల్పము. ఐనను మన యిండ్లలో ముందుగా ఆసుపత్రికి పోవునది భార్యయే. భర్త పోవుట అవమాన మందురు. ఈ వరుస మాఱవలెను. మాఱ్చగలవారు పెద్దలే.

ఈ చికిత్సను నేను పొగడుటకు రాలేదు. పొగడ్తయు విచారణ లేని తీర్పే. ఇది వ్యయముతో కూడినది. మొదటిసారియే ఫలించునను నిశ్చయము లేదు. పలువురకు రెండు మూడు మార్లును ఫలింపదు. స్త్రీ వయస్సు పెరిగినకొలది ఫలము తగ్గును. మందులవలన దేహమునకు శ్రమ కలుగును. తప్పక బిడ్డ నిత్తుమని మాటయిచ్చు వైద్యశాలను నమ్మవలదు. నిజమైన వైద్యుడు అట్టి మాట ఇయ్యడు. పొలము తాకట్టుపెట్టుటకు ముందు మఱియొక వైద్యుని సలహా పొందుడు.

మన దేశమున ఈ విషయమై 2021లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. దానిని సహాయక సంతానోత్పత్తి విధానముల నియంత్రణ చట్ట మనవచ్చును. దాని ముఖ్యాంశములు పెద్దలు తెలిసికొనదగినవి. ఇట్టి చికిత్స చేయు ప్రతి వైద్యశాలయు ప్రభుత్వమున నమోదు కావలెను. చికిత్స పొందు స్త్రీకి 21 మొదలు 50 ఏండ్లలోపు, పురుషునకు 21 మొదలు 55 ఏండ్లలోపు వయస్సుండవలెను. డెబ్బది దాటిన స్త్రీలును ఈ విధానమున ప్రసవించిన వార్తలు అంతకుముందు మన దేశమున విననైనవి. వేఱొక స్త్రీ అండము దానము చేయవలసివచ్చినచో, ఆమె జీవితములో ఒక్కమాఱే చేయవలెను. ఏడు అండములకు మించి తీయరాదు. పిండములను, బీజములను అమ్ముట, కొనుట నేరము. ఆడుబిడ్డయో మగబిడ్డయో కోరి యెంచుకొనుటయు నేరము. ఇట్లు పుట్టిన శిశువు చికిత్స కోరిన దంపతులకు సొంతబిడ్డయే యని చట్టము చెప్పుచున్నది. ఆస్తిహక్కులలో ఏ లోపమును లేదు. రేపు మీ రచ్చబండకు దాయాదుల తగవు వచ్చి, ఆ బిడ్డ గాజులో పుట్టినవాడు, వంశమువాడు కాడని యెవరైన వాదించినచో, ఈ మాట జ్ఞప్తియందుంచుకొనుడు.

సంతానము కలుగకుండుట పాపఫలము కాదు. కాలువ పూడుటవంటి, విత్తనము పొల్లగుటవంటి దేహధర్మము. చికిత్స ఫలించినచో సంతోషము. ఫలింపకున్నను ఆ దంపతులు మీ యూరివారే. అనాథశిశువును చేరదీసి పెంచుకొను మార్గమును వారికి చట్టము తెఱచియుంచినది. ఏ మార్గమును పట్టవలెనో నిర్ణయించుకొనువారు వారే.

సుభాష్ ముఖోపాధ్యాయకు న్యాయము దొరకుటకు పందొమ్మిదేండ్లు పట్టెను. దొరకునప్పటికి ఆయన లేడు. మీ యూరిలో గొడ్రాలను మాట మోయుచున్న స్త్రీ యెవ్వతెయో మీకు తెలియును. ఆమెకు న్యాయము చేయుటకు పత్రములు వెదుకనక్కఱలేదు; సభలు కూర్పనక్కఱలేదు. ఈసారి మీ యింట సీమంతము జరుగునపుడు ముత్తైదువల పిలుపులలో ఆమె యింటికిని మనిషిని పంపుడు. పెద్దలు పిలిచినచో ఊరు కాదనదు. ఆ తీర్పు నేడే చెప్పవచ్చును.